లైసెన్సు పొందిన జూదం - షరీఅత్ ఏమంటుంది?

జుమా నమాజు తర్వాత యువకులు అడిగే ప్రశ్నల్లో కొన్నేళ్లుగా ఒకటి మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. "మౌలానా! ఇది చాటుమాటు పేకాట కాదు. ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కంపెనీ. పన్ను కడుతుంది. గెలిస్తే డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. మోసం లేదు, దగా లేదు. మరి ఇందులో తప్పేముంది?"

ఇలా అడిగేవారిని కసురుకుని పంపేయడం సరికాదు. అడిగే యువకుడు తనదైన రీతిలో ఆలోచించాడు. జూదంలోని చెడు అంతా మోసంలోనే ఉందని అతను అనుకున్నాడు. మోసాన్ని ప్రభుత్వం తీసేస్తే చెడు కూడా పోతుందని లెక్కవేశాడు. కనుక ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: అల్లాహ్ నిషేధించినది మోసపు జూదాన్నా, లేక జూదాన్నా?

దీనికి సమాధానం కావాలంటే దివ్య ఖుర్ఆన్ అవతరించిన కాలంలో అరబ్బులు ఆడిన జూదం ఎలా ఉండేదో తెలియాలి. మన ప్రసంగాల్లో 'మైసిర్' అనే పదం తరచుగా వస్తుంది గానీ, అది ఎలా ఆడేవారో చెప్పడం అరుదు.

అజ్ఞానకాలపు జూదం

అల్లామా జమఖ్షరీ తన 'కష్షాఫ్' తఫ్సీరులో, మరికొందరు వ్యాఖ్యాతలు తమ గ్రంథాల్లో దీన్ని వివరంగా రాశారు. ఒక ఒంటెను కొని కోస్తారు. మాంసాన్ని పది భాగాలు చేసేవారని కొందరు, ఇరవై ఎనిమిది భాగాలని మరికొందరు అన్నారు. ఆటకు పది బాణపు పుల్లలు ఉంటాయి. వాటిలో ఏడింటికి వాటాలున్నాయి. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, అలా ఏడోదానికి ఏడు. మిగిలిన మూడూ ఖాళీ పుల్లలు. అన్నింటినీ ఒక సంచిలో వేసి కలిపి, ఒక్కొక్కరి పేరున ఒక్కొక్కటి తీస్తారు. వాటా ఉన్న పుల్ల వచ్చినవాడు మాంసం పొందుతాడు. ఖాళీ పుల్ల వచ్చినవాడికి ఏమీ దక్కదు సరికదా, ఒంటె ఖరీదు అతనే చెల్లించాలి.

ఇక్కడ రెండు విషయాలు జాగ్రత్తగా గమనించండి. ఆ సంచిని ఆటగాళ్లలో ఎవరో ఒకరి చేతికి ఇచ్చేవారు కాదు. నమ్మకస్తుడని అందరూ ఒప్పుకున్న మనిషికి అప్పగించేవారు. అతని మీద మళ్లీ ఒక పర్యవేక్షకుడు ఉండేవాడు. అరబీ నిఘంటువులు అతన్ని 'రఖీబ్' అన్నాయి, అంటే కనిపెట్టి చూసేవాడు. ఇక రెండో విషయం మరీ ఆశ్చర్యకరమైనది. గెలిచినవారు ఆ మాంసాన్ని తాము తినేవారు కాదు, పేదలకు పంచేవారు. దాన్ని గొప్పగా చెప్పుకునేవారు. ఆటలో చేరనివాణ్ణి పిసినారి అని ఎద్దేవా చేసేవారు. అటువంటి మనిషిని పిలవడానికి 'బరమ్' అని ఒక పేరే పెట్టుకున్నారు.

అంటే ఆ జూదంలో నియమాలున్నాయి, నిజాయితీ ఉంది, పర్యవేక్షణ ఉంది, పైగా కరువు రోజుల్లో పేదవాడి కుండలో మాంసం పడేది. నేడు లైసెన్సు పేరిట ఏయే మంచి మాటలు చెబుతున్నారో అవన్నీ అందులో ఉన్నాయి. అల్లాహ్ సరిగ్గా దాన్నే నిషేధించాడు.

సూరా బఖరా 219వ ఆయత్ భావాన్ని ఈ వెలుగులో చూడాలి. మద్యం, జూదాల గురించి అడిగిన ప్రశ్నకు అక్కడ జవాబు ఉంది. వాటిలో ప్రజలకు కొన్ని ప్రయోజనాలున్నాయని అల్లాహ్ కాదనలేదు. అయితే వాటి పాపం ఆ ప్రయోజనాల కంటే పెద్దదని తెలిపాడు. ఖజానాకు ఆదాయం వస్తుంది, ఉద్యోగాలు వస్తాయి, పేదలకు నిధులు వస్తాయి అనే వాదన కొత్తదేమీ కాదు. ఆ లాభాన్ని లెక్కలోకి తీసుకున్న తర్వాతనే తీర్పు వచ్చింది. ఆ తర్వాత సూరా మాయిదా 90, 91 ఆయత్‌లలో పూర్తి నిషేధం అవతరించింది. అక్కడ కారణాలు కూడా ఉన్నాయి. షైతాన్ వీటి ద్వారా మీ మధ్య శత్రుత్వాన్ని, ద్వేషాన్ని నాటాలని, అల్లాహ్ స్మరణ నుంచి, నమాజు నుంచి మిమ్మల్ని ఆపాలని చూస్తాడని ఆ ఆయత్‌ల సారాంశం. ఈ కారణాల్లో పుల్లలు తీసేవాడి మోసం ప్రస్తావనే లేదు.

బ్రిటన్ అనుభవం

లైసెన్సు విధానాన్ని అందరికంటే శ్రద్ధగా నడిపిన దేశాల్లో బ్రిటన్ ఒకటి. అక్కడ 2005లో జూద చట్టం చేశారు. అది 2007 సెప్టెంబరు నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. గాంబ్లింగ్ కమిషన్ అనే సంస్థ లైసెన్సులు ఇస్తుంది. నేరాలకు జూదం మూలం కాకూడదు, ఆట న్యాయంగా, బహిరంగంగా సాగాలి, పిల్లలకు, బలహీనులకు హాని కలగకూడదు అనేవి ఆ చట్టం పెట్టుకున్న మూడు లక్ష్యాలు. కంపెనీలు జిబ్రాల్టర్‌లోనో మాల్టాలోనో కూర్చుని బ్రిటన్ ప్రజలతో ఆడిస్తుంటే, 2014లో మరో చట్టం తెచ్చారు. కంపెనీ ఎక్కడున్నా సరే, బ్రిటన్‌లో ఉన్నవారితో ఆడించాలంటే బ్రిటన్ లైసెన్సు తీసుకోవాలన్నారు.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. అప్పు చేసి ఆడేవారి బాధ చూడలేక 2020 ఏప్రిల్ 14 నుంచి క్రెడిట్ కార్డుతో జూదం ఆడడాన్ని నిషేధించారు. 'నన్ను ఆడనివ్వకండి' అని ఎవరైనా స్వయంగా పేరు నమోదు చేసుకుంటే లైసెన్సున్న వెబ్‌సైట్లన్నీ అతనికి తలుపు మూసే ఏర్పాటు ఒకటుంది, దాని పేరు గామ్‌స్టాప్. 2020 మార్చి 31 నుంచి ఆన్‌లైన్ కంపెనీలన్నీ అందులో చేరడం తప్పనిసరి చేశారు. 2025లో స్లాట్ ఆటలకు ఒక్కో పందెం మీద హద్దు విధించారు. ఇరవై అయిదేళ్లు నిండినవారికి 5 పౌండ్లు, పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్లవారికి 2 పౌండ్లు. అదే ఏడాది ఏప్రిల్ నుంచి జూద వ్యసనంపై పరిశోధనకు, నివారణకు, వైద్యానికి కంపెనీలపై తప్పనిసరి సుంకం అమల్లోకి వచ్చింది.

ఈ కట్టుబాట్లను నేను ఎగతాళి చేయడం లేదు. వాటివల్ల కొన్ని ఇళ్లైనా నిలబడి ఉంటాయి. జరిగే హానిని తగ్గించే ప్రయత్నం ఎవరు చేసినా మంచిదే. అయితే నాకొక సందేహం. బియ్యం అమ్మేవాడి దుకాణంలో 'నన్ను కొననివ్వకండి' అని జనం పేర్లు రాయించుకునే పుస్తకం ఎక్కడైనా చూశారా? తన సరుకు వల్ల రోగం పాలైనవారి వైద్యానికి బట్టల వ్యాపారి చేత సుంకం కట్టిస్తారా? ప్రతి కొత్త కట్టుబాటూ ఆ సరుకు ఎలాంటిదో ప్రభుత్వం నోటనే చెప్పిస్తోంది.

ఇంకో చిక్కు ఉంది. ఎక్కువగా ఓడిపోయేవారి నుంచి ఎక్కువ ఆదాయం వచ్చే వ్యాపారం ఇది. ఆ దేశపు ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, కంపెనీల లాభాల్లో 60 శాతం కేవలం 5 శాతం మంది ఆటగాళ్ల నుంచి వస్తోంది. వారు అప్పటికే వ్యసనంలో ఉన్నవారు, లేదా దాని అంచున ఉన్నవారు. లైసెన్సు షరతు ఏమో ఆ 5 శాతం మందిని కాపాడమని కంపెనీకే చెబుతోంది! కంచె చేను మేస్తుంటే ఆ చేనుకు కాపలా కూడా కంచెకే అప్పగించినట్లుంది. 2023 మార్చిలో విలియం హిల్ గ్రూపు కంపెనీలు 1 కోటి 92 లక్షల పౌండ్లు చెల్లించవలసి వచ్చింది. కమిషన్ బయటపెట్టిన లోపాల్లో ఒకటి చూడండి: కొత్తగా ఖాతా తెరిచిన ఒక వ్యక్తి ఏ తనిఖీ లేకుండా ఇరవై నిమిషాల్లో 23,000 పౌండ్లు ఖర్చు చేయగలిగాడు. లైసెన్సు ఉన్న చోట, కమిషన్ ఉన్న చోట జరిగిన సంగతి ఇది.

మన దేశంలో - 'నైపుణ్యం' అనే తలుపు

మన దేశంలో జూదంపై చట్టం చేసే అధికారం రాష్ట్రాలది. అందువల్ల ఒక్కో చోట ఒక్కో తీరు నడిచింది. సిక్కిం 2008లోనే ఆన్‌లైన్ ఆటలకు లైసెన్సు చట్టం చేసింది. తర్వాత నాగాలాండ్ నైపుణ్య ఆటలకు లైసెన్సులు ఇచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి చట్టాలను సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి.

ఈ 'నైపుణ్యం' మాట ఎక్కడి నుంచి వచ్చిందో మన పాఠకులకు తెలియడం అవసరం, ఎందుకంటే అది మన గడ్డ మీద నుంచే వచ్చింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆటపై నడిచిన కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967లో వెలువడిన తీర్పులో, రమ్మీలో పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కనుక అది ప్రధానంగా నైపుణ్యపు ఆట అని కోర్టు భావించింది. అయితే క్లబ్బు యజమాని ఆ ఆట మీద లాభం సంపాదిస్తున్నట్లు రుజువైతే నేరం కావచ్చునని అదే తీర్పులో ఉంది. తర్వాతి కాలంలో యాప్‌ల కంపెనీలు మొదటి మాటను బోర్డు కట్టుకున్నాయి, రెండో మాటను ప్రకటనల్లో ఎక్కడా వినిపించలేదు.

కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఐటీ నియమాలను సవరించి, కంపెనీలే ఏర్పాటు చేసుకునే స్వయం నియంత్రణ సంఘాలు ఏ ఆట సరైనదో నిర్ధారించాలని తలచింది. అటువంటి సంఘం ఒక్కటీ గుర్తింపు పొందలేదు. 2023 అక్టోబరు 1 నుంచి ఆటగాడు జమచేసే పూర్తి మొత్తంపై 28 శాతం జీఎస్టీ వేశారు. చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం చేశారు. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట, అది నైపుణ్యమైనా అదృష్టమైనా, నిషిద్ధమని ఆ చట్టం చెబుతుంది. ఆడించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆడేవాణ్ణి మాత్రం నేరస్థుడిగా చూడలేదు. డ్రీమ్11 వంటి కంపెనీలు రోజుల్లోనే డబ్బు ఆటలు ఆపేశాయి. చట్టాన్ని సవాలు చేస్తూ వేర్వేరు హైకోర్టుల్లో వేసిన పిటిషన్లు ఆ ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టుకు బదిలీ అయ్యాయి.

ఈ చట్టంలోని నిర్వచనం మన ధర్మవేత్తల నిర్వచనానికి చాలా దగ్గరగా ఉండడం గమనార్హం. ఫుఖహా దృష్టిలో 'ఖిమార్' అంటే ఇరువైపులా సొమ్ము పెట్టి, ఒకరి లాభం మరొకరి నష్టం మీద ఆధారపడేలా పందెం కాయడం. అందులో తెలివి ఎంత, అదృష్టం ఎంత అని వారు తూకం వేయలేదు. సొమ్ము ఎక్కడి నుంచి వస్తోందన్నదే వారు అడిగిన ప్రశ్న. గుర్రపు పందెం, ఒంటె పందెం, విలువిద్యలో బహుమతికి మహాప్రవక్త (స) అనుమతి ఇచ్చినట్లు హదీసుల్లో ఉంది. అయినా పోటీపడే ఇద్దరూ సొమ్ము పెట్టి, గెలిచినవాడు అంతా తీసుకుపోయే ఒప్పందాన్ని అధిక సంఖ్యాకులైన ధర్మవేత్తలు అక్కడ కూడా ఒప్పుకోలేదు. బహుమతి మూడో వ్యక్తి ఇస్తే, లేదా ఇద్దరిలో ఒకరు మాత్రమే పెడితే సరేనన్నారు. గుర్రం తోలడం కంటే నైపుణ్యం ఏముంటుంది!

ఈ సందర్భంలోనే మన బస్తీల్లో జరిగే ఒక పొరపాటు గురించి చెప్పాలి. క్రికెట్ టోర్నమెంటు పెట్టి, ఒక్కో జట్టు నుంచి ఎంట్రీ ఫీజు వసూలు చేసి, ఆ సొమ్మునే గెలిచిన జట్టుకు బహుమతిగా ఇస్తుంటారు. ఇదీ ఖిమారే. ఫీజును మైదానం, బంతులు, నీళ్ల ఖర్చులకే వాడి, బహుమతిని ఎవరైనా దాత ఇస్తే అభ్యంతరం లేదు. యాప్‌ను తిట్టే పెద్దలు ముందు ఈ టోర్నమెంట్లను సరిచేయాలి.

కొందరు హజ్రత్ అబూబక్ర్ (రజి) రోమన్ల విజయంపై ముష్రిక్కులతో పందెం కాశారు కదా అంటారు. ఆ ఉదంతం మక్కా కాలానిది. పందెం నిషేధం రాకముందు జరిగిందని హదీసు గ్రంథాల్లోనే స్పష్టంగా ఉంది.

ముస్లిం దేశమే లైసెన్సు ఇస్తే?

గల్ఫ్‌లో పనిచేసే మన తెలుగు సోదరుల నుంచి వచ్చే ప్రశ్న ఇది. సంయుక్త అరబ్ ఎమిరేట్స్ 2023 సెప్టెంబరులో వాణిజ్య గేమింగ్ నియంత్రణ సంస్థను నెలకొల్పింది. లాటరీ, ఇంటర్నెట్ గేమింగ్, క్రీడల పందేలు, కాసినో వంటివి దాని పరిధిలోకి వస్తాయి. 2024లో లాటరీకి లైసెన్సు ఇచ్చారు. ఆ ఏడాది డిసెంబరులో మొదటి డ్రా జరిగింది. రస్ అల్ ఖైమాలో కట్టే హోటల్ కాసినోకు 2024 అక్టోబరులో అనుమతి లభించింది.

దీనిని చూసి మన పిల్లలు తికమక పడడం సహజం. ఒక ప్రభుత్వం చేసిన పని షరీఅత్‌కు ఆధారం కాదు. ఆధారం దివ్య ఖుర్ఆన్, సున్నత్, ఇజ్మా, ఖియాస్. ఏ రాజు అనుమతించాడు అన్నది వాటిలో ఎక్కడా లేదు. ఆ దేశంలో లైసెన్సు లేని లాటరీ ఆడితే దేశ చట్టాన్ని ఉల్లంఘించినట్లు, లైసెన్సు ఉన్నది ఆడితే ఆ చట్టపు శిక్ష నుంచి తప్పించుకున్నట్లు. ఖియామత్ రోజు ఇచ్చుకోవలసిన లెక్క దానితో మారదు. గది అద్దె, తిండి పోను మిగిలిన దిర్హములు ఇంటికి పంపవలసిన మనిషి, నెలకో టిక్కెట్టు అంటూ మొదలుపెట్టి ఎక్కడ ఆగుతాడో అతనికే తెలియదు.

నిషేధం ఉన్న చోట మనం చేయవలసింది

నిషేధిస్తే జనం దొంగచాటుగా విదేశీ యాప్‌లకు వెళతారని, దానికంటే లైసెన్సే మేలని ఒక వాదన ఉంది. వాదనలో కొంత నిజం లేకపోలేదు. తెలంగాణ నిషేధించిన తర్వాత కూడా ఫోను చోటును మార్చి చూపే యాప్‌లతో ఆడినవారు ఉన్నారు. అయితే దీని నుంచి తేలేది ఏమిటంటే, ప్రభుత్వం తలుపు మూసినంత మాత్రాన పని పూర్తి కాదని. మదీనాలో మద్యం నిషేధ వార్త వినగానే కుండలు వీధుల్లో ఒలికిపోయాయి. ఆ రోజుకు ముందు ఏళ్ల తరబడి విశ్వాస శిక్షణ జరిగింది. మిగిలిన సగం పని మస్జిదులది, ఇళ్లది.

ఇంట్లో మొదటి జాగ్రత్త పిలుపు దగ్గరే మొదలవ్వాలి. సహీహ్ బుఖారీలో ఒక హదీసు ఉంది. తోటివాణ్ణి జూదానికి పిలిచినవాడు సదఖా ఇవ్వాలని మహాప్రవక్త (స) ఆదేశించారు. ఆడలేదు, కేవలం పిలిచాడు, దానికే పరిహారం! మరి 'నా కోడ్‌తో చేరు, ఇద్దరికీ వంద రూపాయలు వస్తాయి' అని స్నేహితులకు లింకు పంపేవారు, డబ్బు తీసుకుని ఆ యాప్‌లకు ప్రచారం చేసేవారు ఎంతమందిని పిలిచినట్లు?

ఇక తరచుగా అడిగే మసాయిల్. యాప్‌లో మిగిలిపోయిన మీ సొంత జమ సొమ్ము మీదే, వెనక్కి తీసుకోవచ్చు. దానిపై గెలిచినది మీది కాదు. ఓడినవాడు ఎవరో తెలిస్తే అతనికి తిరిగి ఇవ్వాలి. తెలియకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చి వదిలించుకోవాలి. దానితో ఖుర్బానీ చేయడం, మస్జిదుకు ఇవ్వడం తగదు. పోయిన సొమ్మును మళ్లీ ఆడి రాబట్టుకుందామనుకోవడమే చాలా ఇళ్లను కూల్చింది, ఆ ఆలోచననే తుంచేయాలి. ఆట కోసం బంధువుల దగ్గర చేసిన అప్పు మాత్రం అప్పే. 'హరాం పనికి తీసుకున్నాను, కాబట్టి ఇవ్వనక్కర్లేదు' అనడం చెల్లదు. అసలు పూర్తిగా తీర్చాలి. అటువంటి అప్పుల్లో మునిగినవాడు చిత్తశుద్ధితో తౌబా చేస్తే, హక్కుదారుడైతే, జకాత్ నుంచి అతనికి సాయం చేయవచ్చునని చాలామంది ధర్మవేత్తలు అన్నారు. తౌబాకు ముందు ఇస్తే అది మళ్లీ ఆటలోకే పోతుందని వారి భయం.

హైదరాబాదు కుర్రాళ్లు కొందరు ఇటువంటి కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాస్తారు, కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగాలు చేస్తారు. పందెం నడిచే భాగాన్ని తయారుచేయడం, ఆటగాణ్ణి మళ్లీ రప్పించే పని చేయడం సూరా మాయిదా 2వ ఆయత్ వారించిన 'పాపంలో సహకారం' కిందికి వస్తుంది. ఇంటి బాధ్యత మీద ఉన్నవాడు రేపే రాజీనామా చేసి వీధిన పడమని ఎవరూ అనరు. గట్టిగా వేరే ఉద్యోగం వెతకాలి, దొరికిన వెంటనే మానాలి. వెతకడం నిజంగా వెతకడం కావాలి.

మరొక ప్రమాదం అమాయకులకు వస్తోంది. విదేశీ పందెం యాప్‌లు డబ్బు చేతులు మార్చడానికి స్థానికుల బ్యాంకు ఖాతాలు వాడుకుంటాయి. 'నీ ఖాతా, సిమ్ కొన్నాళ్లు ఇవ్వు, నెలకింత ఇస్తాను' అని ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. ఆ సొమ్ము హరాం, కేసు మాత్రం ఖాతా ఎవరి పేరున ఉందో వారి మీదికి వస్తుంది. ఇప్పటికే ఇచ్చినవారు వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపి ఖాతా ఆపించాలి, 1930 సైబర్ నేరాల నంబరుకు ఫోన్ చేయాలి.

కొడుకో భర్తో నోరు తెరిచి 'ఇంత పోయింది' అని చెప్పిన రోజు ఇంటివారు కేకలు వేస్తే, మరుసటి అప్పు వారికి తెలియకుండా పుడుతుంది. ఆ రాత్రి మొత్తం లెక్క కాగితం మీద పెట్టించండి. ఎవరెవరికి ఎంత, ఏ లోన్ యాప్‌లో ఎంత. ఫోనులో డబ్బు పంపే సదుపాయాన్ని, జీతం పడే ఖాతాను కొన్ని నెలలు ఇంట్లో నమ్మకస్తులైన మరొకరి చేతికి అప్పగించమని అతన్నే అడగండి. నిద్ర పట్టక, చావు మాటలు మాట్లాడుతుంటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం నంబరు 14416, ఏ వేళైనా, తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడవచ్చు.